జంతు సంరక్షణ కేంద్రంలో వాలంటీర్ పని: కెన్నెల్ కడగడం నుంచి దత్తత దాకా

సంరక్షణ కేంద్రానికి వాలంటీర్‌గా వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుక్కపిల్లల్ని ఎత్తుకుని ఆడించవచ్చని వస్తారు. అక్కడి పనిలో అది చాలా చిన్న భాగం. ఊడ్చడం, కడగడం, గుడ్డలు ఉతకడం, గిన్నెలు తోమడం, బయట తిప్పడం, ఫొటోలు తీయడం, దత్తతకు వచ్చినవాళ్లతో మాట్లాడటం, ఇన్ని పనులు జరిగితేనే ఒక్క జంతువు గేటు దాటి ఇంటికి చేరుతుంది. వీటన్నిటికీ ఆధారమైన పని ఒకటుంది: చూసింది రాసిపెట్టడం. డాక్టరు ఒక్కో జంతువు దగ్గర కొద్ది నిమిషాలే ఉండగలరు, సిబ్బందికి ఊపిరి సలపదు. అరగంట పక్కన కూర్చుని అది ఎలా తింటోంది, దేన్ని చూసి బెదురుతోంది, ఎవరి దగ్గర తోకాడిస్తోంది అని గమనించే తీరిక వాలంటీర్‌కే ఉంటుంది. ఆ గమనింపు కాగితం మీదికి రాకపోతే దత్తత రోజున ఇంటివాళ్లకు చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

చేరేముందు

వారానికి 2, 3 గంటలు, వీలైతే ప్రతివారం ఒకే రోజు, ఒకే వేళ ఇవ్వండి. ఒక నెల రోజూ వచ్చి తర్వాత కనిపించకుండా పోయేవాళ్లకన్నా ఇలా నిలకడగా వచ్చేవాళ్లే కేంద్రానికి పనికొస్తారు. భయపడే జంతువుకు తెలిసిన ముఖం కావాలి, అది వారం వారం వస్తేనే తెలిసిన ముఖం అవుతుంది.

ధనుర్వాతం టీకా, కుక్క కరవకముందే వేసే రేబిస్ టీకా గురించి మీ డాక్టరుతో మాట్లాడి రండి. నిండు ప్యాంటు, వేళ్లు మూసి ఉండే బూట్లు వేసుకోండి. వేలాడే చెవిపోగులు, చున్నీలు వద్దు. మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే వాటి టీకాలు పూర్తయి ఉండాలి. కేంద్రంలో వాడిన బూట్లు ఇంటి గడప దాటకూడదు, బట్టలు మార్చుకున్నాకే మీ పెంపుడు జంతువును దగ్గరికి తీసుకోండి. గర్భిణులు పిల్లుల మలం తీసే పని పెట్టుకోవద్దు. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. అది మలంతో బయటికొచ్చాక 1 నుంచి 5 రోజుల్లో అంటుకునే దశకు చేరుతుంది కాబట్టి ట్రేను రోజూ శుభ్రం చేయడం మిగతావాళ్లకూ రక్షణే.

కరిచినా, పన్ను గీరినా, గోరు దిగినా వెంటనే సబ్బు పెట్టి, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. సిబ్బందికి చెప్పండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందే టీకా వేయించుకున్నా కరిచాక మళ్లీ డోసులు తప్పవు. కరిచిన కుక్కనో పిల్లినో 10 రోజులు పరిశీలనలో ఉంచుతారు. దాని మీదికి తప్పు పోతుందేమోనని జాలిపడి గాయం దాచిపెట్టేవాళ్లు ఉంటారు. అలా ఎప్పుడూ చేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. దాచిన కాటు వల్ల ఆ జంతువుకూ మేలు జరగదు. అది ఏ పరిస్థితిలో కరిచిందో తెలియక తర్వాత ఇంకొకరు అదే పరిస్థితిలో కాటు తింటారు.

కడిగేముందు చూడండి

పొద్దున్న కెన్నెల్ (కుక్కను ఉంచే గది) తలుపు తీయగానే నీళ్ల గొట్టం పట్టుకోవద్దు. రాత్రంతా ఏం జరిగిందో ఆ నేల మీదే ఉంటుంది, కడిగేస్తే ఆనవాలు పోతుంది. గిన్నెలో ఎంత మిగిలింది, మలం గట్టిగా ఉందా నీళ్లలా ఉందా, నెత్తురు పడిందా, పురుగులున్నాయా, వాంతి ఉందా, మూత్రం పోసిందా లేదా చూసి అక్కడికక్కడే ఆ జంతువు కార్డు మీద రాయండి. ఒకే గదిలో రెండు మూడు జంతువులుంటే ఎవరిదో తెలియకపోయినా ఆ మాటే రాయండి. వాటిని విడదీసి చూడాలని డాక్టరుకు తెలుస్తుంది.

"బాగుంది" అన్న మాట కార్డు మీద దేనికీ పనికిరాదు. "గిన్నెలో సగం తింది, మలం పసుపుగా, మెత్తగా, రెండుసార్లు, నెత్తురు లేదు, పిలిస్తే లేచి వచ్చింది" అని రాస్తే సాయంత్రం షిఫ్టులో వచ్చినవాళ్లు పోల్చి చూసుకోగలరు.

కొన్ని సంగతులు కార్డు మీద రాసి ఊరుకుంటే చాలవు, పరుగెత్తి చెప్పాలి. కుక్కపిల్ల వాంతులతో పాటు దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు చేసుకుంటోందంటే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) అనుకునే కదలాలి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ ఒక్క చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం పూడుకుపోయిందని అనుమానించాలి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. దీన్ని మలబద్ధకం అనుకుని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పెద్ద కుక్క పొట్ట ఉబ్బి వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ కక్కలేకపోతున్నా ఆ నిమిషంలోనే డాక్టరు కావాలి. పిల్లి ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే చెప్పండి. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుపోయే జబ్బు రావచ్చు. కుందేలైతే సగం రోజు తినకపోయినా అత్యవసరమే.

బక్కచిక్కి ఎముకలు తేలిన జంతువును చూస్తే గిన్నె నిండా పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. చాలా రోజులు పస్తున్న శరీరానికి ఒక్కసారిగా తిండి అందితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. డాక్టరు రాసిచ్చిన కొలత ప్రకారం కొద్దికొద్దిగా రోజుకు చాలాసార్లు పెట్టి, కొన్ని రోజుల మీద పెంచుకుంటూ పోవాలి. కెన్నెల్ మీద "తిండి పెట్టవద్దు" అన్న కాగితం కనిపిస్తే దానికి ఇలాంటి కారణం ఉంటుంది, లేదా ఆపరేషన్ ఉంటుంది. ఇంటి నుంచి మందులు అసలే తేవద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్లతో పిల్లి చచ్చిపోవచ్చు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు కూడా పిల్లికి విషమే.

కడిగే పద్ధతి

కడిగే క్రమం ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో మొదలవ్వాలి. తర్వాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, ఆ తర్వాత కొత్తగా వచ్చి విడిగా ఉంచినవి, చివరికి జబ్బువి. ఈ వరుసలో వెనక్కి రాకూడదు. జబ్బు గదికి చీపురు, బకెట్, బూట్లు విడిగా ఉండాలి. కొత్తగా వచ్చినవాటిని సాధారణంగా 10 నుంచి 14 రోజులు విడిగా ఉంచేది, ఒంట్లో పొంచి ఉన్న జబ్బు ఆ లోగా బయటపడుతుందని. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు లాంటివి అంతకన్నా ఆలస్యంగా కూడా బయటపడతాయి. అందుకే గడువు తీరాక కూడా దగ్గు, ముక్కు కారడం మీద కన్నేసి ఉంచాలి.

జంతువును బయటికి తీశాక మొదట మలం, వెంట్రుకలు, మిగిలిన తిండి ఎత్తేయాలి. తర్వాత సబ్బునీళ్లతో రుద్ది కడిగి ఆ నీళ్లు తోసేయాలి. అప్పుడు క్రిమిసంహారకం. 5 శాతం గాఢత ఉన్న ద్రవ బ్లీచ్ అయితే లీటరు నీళ్లకు 30 మి.లీ. సరిపోతుంది, దీన్నే 32 వంతుల నీటికి ఒక వంతు అంటారు. నేల, గోడ కింది భాగం, తలుపు చువ్వలు, గడియ తడిసి 10 నిమిషాలు అలాగే ఉండాలి. తర్వాత మళ్లీ నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తడి నేల మీద వదిలితే పాదాల కింది మెత్తలు ఒరుసుకుపోతాయి.

ఇంత చేసినా పార్వో తిరగబెడుతోందంటే కారణం ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది. మలం మీదే బ్లీచ్ పోశారు. మురికి తగలగానే బ్లీచ్ శక్తి పోతుంది. పోసిన వెంటనే తుడిచేశారు. నిన్న కలిపిన నీళ్లు ఇవాళ వాడారు. కలిపింది ఏ రోజుకు ఆ రోజే పారబోయాలి. గడియలు, గిన్నెలు, పలుపులు వదిలేశారు. పార్వో వైరస్ పరిసరాల్లో నెలల తరబడి బతుకుతుంది. ఆల్కహాల్ శానిటైజర్ దాన్ని చంపలేదు. కాబట్టి కుక్కపిల్లల మధ్య చేతులకు శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోకుండా గ్లౌజులు మార్చండి, సబ్బుతో కడుక్కోండి.

ఘాటుగా కలిపితే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం కూడా తప్పే. ఊపిరితిత్తులు మండుతాయి, పాదాలు కాలతాయి. బ్లీచ్‌ను యాసిడ్‌తోగాని అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోగాని కలిపితే విషవాయువు పుడుతుంది. ఫినైల్ తరహా మందులు పిల్లుల గదిలోకి రానివ్వకండి, వాటి కాలేయం ఆ రసాయనాన్ని విరగ్గొట్టలేదు. గిన్నెలు స్టీలువే మంచివి, ప్లాస్టిక్ గీతల్లో క్రిములు దాక్కుంటాయి.

పిల్లుల గూడు విషయం వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి గూడును రోజూ పూర్తిగా ఖాళీ చేసి కడిగితే దాని సొంత వాసన పోయి బెదిరిపోతుంది. ఒత్తిడికి లోనైన పిల్లిలో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ వైరస్ లేచి తుమ్ములు, కళ్ల పుసి మొదలవుతాయి. మురికైన చోటే తుడిచి, ట్రే మార్చి, మురికి కాని దుప్పటి అలాగే ఉంచండి. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టండి. దాక్కునే చోటున్న పిల్లే తొందరగా బయటికొచ్చి మనిషిని పలకరిస్తుంది. గూడు పూర్తిగా కడగాల్సింది పిల్లి మారినప్పుడు, జబ్బు తేలినప్పుడు.

బయట తిప్పడం, మచ్చిక చేయడం

కుక్క తప్పించుకుపోయేది ఎక్కువగా గేటు దగ్గరా, కారు తలుపు దగ్గరా. కొత్త కుక్కకు, పిరికి కుక్కకు రెండు పలుపులు వేయండి, ఒకటి మెడపట్టీకి (కాలర్), ఒకటి ఛాతీ చుట్టూ వేసే పట్టీకి (హార్నెస్). కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులైతే వెనక్కి గుంజుకుని తల తీసేస్తుంది. పలుపు కొసను చేతికి చుట్టలు చుట్టుకోవద్దు, కుక్క ఒక్కసారి లాగితే వేళ్లు విరుగుతాయి. రెండు తలుపులున్న చోట ఒకటి మూసి గడియ పడ్డాకే రెండోది తీయాలి. తప్పించుకున్న కుక్క వెంట పరుగెత్తకండి, ఇంకా దూరం పోతుంది. పక్కకు తిరిగి కూర్చుని, తిండి చూపిస్తూ మెల్లగా పిలవండి.

కుక్కను వాసన చూడనివ్వండి. 20 నిమిషాలు ఆగుతూ, వాసన చూస్తూ నడిచిన కుక్క కెన్నెల్‌లోకి వెళ్లి పడుకుంటుంది. గబగబా తిప్పి తెచ్చిన కుక్క మొరుగుతూనే ఉంటుంది. దారిలో ఇంకో కుక్క ఎదురైతే ఎడం ఉంచండి, ఎంత దూరంలో బిగుసుకుందో రాయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉన్నవాళ్లు అడిగేది అదే.

బెదిరిన కుక్క దగ్గరికి ఎదురుగా వెళ్లి తల మీద చేయి పెట్టొద్దు. పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి చూడకుండా, తిండి ముక్క దూరంగా వేయండి. అదే వచ్చి వాసన చూస్తే గడ్డం కింద 3 సెకన్లు నిమిరి చేయి తీసేయండి. ఇంకా దగ్గరికి జరిగితే ఇష్టమన్నట్టు. ముఖం తిప్పుకుంటే ఆపండి. ఆవలించడం, పెదాలు నాక్కోవడం, కళ్లలో తెల్లగుడ్డు కనబడటం, ఒళ్లు కొయ్యబారడం, ఇవన్నీ "చాలు" అని చెప్పడమే. తోక ఆడితే ప్రతిసారీ స్నేహం అనుకోవద్దు. ఎత్తి, బిగించి, చిన్నగా ఆడించే తోక హెచ్చరిక. గుర్రుమన్నందుకు కుక్కను ఎప్పుడూ కసరకండి. గుర్రుమనడం మాన్పించిన కుక్క హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

కుక్కపిల్లలకు 3 నుంచి 14 వారాల వయసు, పిల్లికూనలకు 2 నుంచి 7 వారాల వయసు లోకాన్ని నేర్చుకునే కాలం. ఆ కాలం కెన్నెల్‌లోనే గడిచిపోతే మనుషులంటే జీవితాంతం బెదురు మిగిలిపోవచ్చు. టీకాలు పూర్తికాలేదని నేల మీదికి దించలేకపోయినా ఒళ్లో పెట్టుకుని గొడుగు, చీపురు, మిక్సీ చప్పుడు, గడ్డం ఉన్న మనిషి, పిల్లల గొంతు పరిచయం చేయవచ్చు. తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకునే ఫోస్టర్ కుటుంబం ఈ పని అందరికన్నా బాగా చేయగలదు.

తల్లి లేని పసికూనల్ని ఫోస్టర్‌కు తీసుకుంటే ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఆవుపాలతో విరేచనాలవుతాయి, కూనల కోసం చేసిన పాలపొడే వాడాలి. పొట్ట కింద ఉండేలా, తల్లి దగ్గర తాగే భంగిమలోనే పట్టాలి. మనిషి బిడ్డలా వెల్లకిలా పట్టకూడదు. పిల్లికూనకు ఒక పూటకు 100 గ్రాముల బరువుకు 4 మి.లీ. లెక్క, మొదటి వారాల్లో 2, 3 గంటలకోసారి. 3 వారాల దాకా పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో తుడిచి మలమూత్రాలు చేయించాలి. గ్రాముల కాటా మీద రోజూ ఒకే వేళకు తూచండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజంతా బరువు పెరగకపోతే మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఫొటో, పరిచయం

చువ్వల వెనక నుంచి తీసిన ఫొటో చూసి ఇంటికి తెచ్చుకోవాలనిపించదు. బయటికి తెచ్చి, కాసేపు తిప్పాక, కళ్ల పుసి తుడిచి, దాని కళ్ల ఎత్తుకు మీరే కూర్చుని పగటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వద్దు. నల్ల కుక్కకు నీడపట్టున, లేత రంగు గోడ ముందు తీస్తే ముఖం కనిపిస్తుంది. పక్కన ఒక మనిషి నిలబడితే కుక్క ఎంత పెద్దదో తెలుస్తుంది. నడిచే తీరు, పిలిస్తే వచ్చే తీరు కనబడేలా 20 సెకన్ల వీడియో కూడా తీయండి.

పరిచయం రాసేటప్పుడు కార్డులన్నీ ముందు పెట్టుకోండి. "ముద్దుల కుక్క, మంచి ఇల్లు కావాలి" అంటే ఏ కుక్కకైనా సరిపోతుంది. ఇలా రాయండి: "మూడేళ్ల ఆడకుక్క, 16 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అయ్యాయి. మొదటి పది నిమిషాలు దూరంగా ఉంటుంది, తర్వాత మీ కాలి మీద తల పెడుతుంది. నడకలో లాగదు. ఉరుములకు మంచం కిందికి దూరుతుంది. గిన్నె దగ్గరికి ఇంకో కుక్క వస్తే గుర్రుమంటుంది, విడిగా పెడితే గొడవ లేదు." లోపం రాస్తే ఎవరూ రారని భయపడొద్దు. దాచిన లోపం వారంలో బయటపడి కుక్క వెనక్కి వస్తుంది, రాసిన లోపాన్ని భరించగల ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. జాలి కథ ఎంత సాగదీస్తే అంత నష్టం. ఒకప్పుడు దాన్ని ఎవరు కొట్టారన్నదానికన్నా ఇవాళ అది ఎలా ఉందన్నదే ఇంటివాళ్లకు కావాలి.

దత్తతకు వచ్చినవాళ్లతో

ఇది విచారణ కాకూడదు. గుచ్చి గుచ్చి అడిగితే మనిషి మనం వినాలనుకున్నదే చెబుతాడు. "ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పండి" అని అడగండి. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారు, కుక్కను పొద్దున్నే ఎవరు తిప్పుతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లయితే ఇంటి యజమాని ఒప్పుకున్నారా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అన్నీ ఆ మాటల్లోనే వస్తాయి. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆ జంతువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి అందరూ ఒకసారి వచ్చి చూడాలి. ఇల్లు చిన్నదని, దొడ్డి లేదని కొట్టిపారేయకండి. రోజూ రెండుసార్లు తిప్పే చిన్న ఇంట్లోవాళ్లు, పెద్ద దొడ్డిలో కట్టేసి వదిలేసేవాళ్లకన్నా మేలు.

కుక్కపిల్ల కోసమే వచ్చి, రోజంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబానికి నెమ్మదస్తురాలైన పెద్ద కుక్కను చూపించండి. కుక్కపిల్ల కావాల్సినవాళ్లకు ఎన్నిసార్లు బయటికి తీసుకెళ్లాలో, 16 వారాలు దాటేదాకా ఇంకెన్ని టీకాలు వేయించాలో తేదీలతో చెప్పండి. విడదీస్తే తిండి మానేసే జంటను ఒక్క ఇంటికే ఇవ్వండి.

ఇంట్లో కుక్క ఉంటే దాన్ని కూడా తెమ్మనండి. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టొద్దు. రెండిటికీ కొత్త చోటులో, ఇద్దరు మనుషులు, మధ్యలో ఎడం ఉంచి ఒకే దిక్కుగా నడిపించండి. ఒళ్లు వదులయ్యాక క్రమంగా దగ్గరికి తెచ్చి, పలుపులు బిగించకుండా 3 సెకన్లు వాసన చూడనిచ్చి మళ్లీ నడవండి. పిల్లిని ఇంట్లోని ఇంకో పిల్లితో ఇలా కేంద్రంలో కలపడం కుదరదు. ఇంటికెళ్లాక వేరే గదిలో ఉంచి, దుప్పట్లు మార్చి వాసనలు పరిచయం చేసి, మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి పెట్టి, ఒకటి రెండు వారాల మీద చూపించాలని ముందే చెప్పండి. ట్రేలు పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ ఉండాలి.

ఇంటికి పంపే రోజు, ఆ తర్వాత

టీకాల కార్డు, నులిపురుగుల మందు తేదీలు, ఆపరేషన్ కాగితం, వాడుతున్న మందులు, మీ రాతకార్డుల సారాంశం, వారానికి సరిపడా ఇప్పటి తిండి ఇచ్చి పంపండి. తిండి మార్చాలంటే 7 రోజుల మీద, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ మార్చమనండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే స్కానర్‌తో చదివి 15 అంకెలూ కాగితంతో సరిచూడండి, కొత్త యజమాని ఫోన్ నంబరు నమోదయ్యాకే పంపండి. నంబరు నమోదు కాని చిప్ వల్ల తప్పిపోయిన జంతువు ఇల్లు చేరదు. పిల్లిని సంచిలోనో చేతుల్లోనో పంపకండి, తలుపు గట్టిగా పడే బోను ఉండాలి.

మొదటి 3 రోజులు బెదురు, 3 వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, 3 నెలలకు ఇల్లు తనదనుకోవడం, ఇది సుమారు లెక్క. మొదటి వారం చుట్టాల్ని పిలవొద్దని, కుక్కను పలుపు లేకుండా వదలొద్దని, పిల్లి మంచం కింద ఉంటే లాగొద్దని నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసివ్వండి. ఆ హడావిడిలో విన్నది సగం మర్చిపోతారు.

మూడో రోజున, రెండు వారాలకు, మూడు నెలలకు ఫోన్ చేయండి. "అంతా బాగుందా" అంటే బాగుందనే అంటారు. "రాత్రి ఎక్కడ పడుకుంటోంది? ఇంట్లో పోస్తోందా? దేనికైనా గుర్రుమందా?" అని అడిగితే అసలు సంగతి వస్తుంది. ఇంట్లో పోయడం, ఒంటరిగా ఉంటే అరవడం లాంటివి ఈ దశలో చెబితే సర్దుకుంటాయి. నెలలు ఓపిక పట్టి విసిగిపోయాక చెబితే అప్పటికే వదిలేయాలని తేల్చుకుని ఉంటారు.

కొన్ని తిరిగొస్తాయి. తెచ్చినవాళ్లను నిష్ఠూరమాడకండి. సిగ్గుపడినవాళ్లు ఇంకోసారి రోడ్డు మీద వదిలేస్తారు, నిజమూ చెప్పరు. కూర్చోబెట్టి, ఇంట్లో అది ఏం తింది, ఎక్కడ పడుకుంది, పిల్లలతో ఎలా ఉంది, ఏ రోజు ఏ వేళ ఏం జరిగి ఇక కుదరదనిపించింది అని అడిగి, పాత కార్డులోనే తేదీ వేసి కింద రాయండి. కేంద్రంలో ఎన్నాళ్లు చూసినా తెలియని సంగతులు అవి. తర్వాతి కుటుంబంతో మాట్లాడేవాళ్లు ముందుగా చదవాల్సింది ఆ పేజీనే.